గొట్టంలో గూడు

రంగు పూసి అమ్మేవాళ్లలారా, వరలక్ష్మి చెయ్యి కాల్చింది మీరే. గ్యాసు మీదికి తొయ్యకండి, గాలి మీదికి తొయ్యకండి. "మూత తియ్యకుండా వెలిగించింది, తెలియని మనిషి" అని ఆమె మీదికే తోసేశారే, ముందు ఆ మాట మింగండి. తుప్పు మీద నల్లరంగు, మసి మీద నల్లరంగు, లోపల ఏముందో చూడకుండా పైపైన నల్లరంగు. తళతళా మెరిస్తే చాలు, సరుకు బాగున్నట్టే మీకు. ఆ మెరుపు చూసి కొనేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. నెల్లితోపులో రేకుల షెడ్డు కింద కూర్చుని ఆ రంగు పూసిన గిరిజకూ ఉంది. అందరికంటే ఆమెకే ఎక్కువ ఉంది. ఎందుకంటే లోపల ఏముందో ఆమె చూసింది. చూసి, మూసింది.

జరిగింది ఇది.

వరలక్ష్మిది యానాం. భర్త వీర్రాజు గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. అక్కడినుంచి ఈ తమిళ ఊరికి బదిలీ అయితే మూడేళ్ల కింద వచ్చి రెడ్డియార్‌పాళయంలో అద్దెకు దిగారు. ఆమె పండుగప్ప చేపముక్కకు కారం పట్టించి కాలిస్తే ఆ వాసనకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. ఆ రుచిని నమ్ముకుని, ఇంటి ముందు సాయంత్రం పూట చేపలు కాల్చి అమ్ముదామనుకుంది. సారంలో ఆదికేశవులు పాత సామాన్ల కొట్టులో ఒక గ్యాస్ గ్రిల్ దొరికింది. చక్రాల మీద నిలబడే నడుమెత్తు పెట్టె. పైన మూత, మూత ఎత్తితే కడ్డీల జాలీ, జాలీ కింద మూడు బర్నరు గొట్టాలు, ముందు పలకకు మూడు మీటలు. సముద్రం ఒడ్డున గెస్ట్‌హౌసుల వాళ్లు ఇలాంటివి మోజుపడి కొంటారు, ఉప్పుగాలికి తుప్పు పట్టగానే విసిరేస్తారు. ఆదికేశవులు ఏరుకొస్తాడు. గిరిజ తోమి రంగేస్తుంది. కొత్త మొహంతో అది మళ్లీ ఊళ్లోకి పోతుంది.

మొదటి సాయంత్రం వరలక్ష్మి మూత ఎత్తింది, సిలిండరు తిప్పింది, నడిమి మీట తిప్పి లైటరు నొక్కింది. జాలీ కింద రావాల్సిన మంట మీటల వెనకనుంచి భగ్గుమని వచ్చింది. కుడిచెయ్యి మణికట్టుదాకా కాలింది. ఆమె ఆస్పత్రినుంచి తిరిగి వచ్చేలోపే తీర్పు అయిపోయింది. మూత మూసిపెట్టి వెలిగించి ఉంటుంది, లోపల గ్యాసు నిండి పేలింది. కొట్టువాడు అన్నాడు, వీధి అంది, చివరికి వీర్రాజూ అన్నాడు. "నువ్వింక మంట జోలికి పోకు" అని గ్రిల్‌ని కొట్టుకు తిప్పి పంపేశాడు. కాలిన చెయ్యి నెలకో రెండు నెలలకో మానుతుంది. పని తెలియని మనిషి అనే మాట ఎప్పటికి మానుతుంది?

ఆ గ్రిల్ సోమవారం పొద్దున ట్రాలీ ఆటోలో గిరిజ షెడ్డు ముందు దిగింది. వెనకే స్కూటరు మీద ఆదికేశవులు. నాలుగు తరాలుగా ఈ ఊరి బజారులో వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో మాట తెలుగే, చదవమంటే మాత్రం ఒక్క అక్షరం రాదు. కొట్టు బోర్డు తమిళంలో, దేవుడికి మొక్కు తెలుగులో, కోపమొస్తే రెండూ కలిపి.

"ఏం గిరిజా, నీ చేతి సరుకు నీకాడికే మళ్లా వచ్చేసినాది చూడు."

"ఏమైనాది అన్నా?"

"ఏమవతాది? ఆ యానాం అమ్మ మూత మూసిపెట్టి వెలిగించినాది. భగ్గుమన్నాది. చెయ్యి కాల్చుకున్నాది. వాళ్లాయన కొట్టుకాడికి వచ్చి ఒకటే గోల. సరే పో, సచ్చినోడి పీడ అని వెనక్కి తీసుకున్నా. నా మాదిరి మంచోడు యాడ దొరకతాడు చెప్పు?"

"చెయ్యి ఎంత కాలినాది?"

"నేనేమన్నా డాక్టరా? విను. శుక్రవారానికి రెడీగా ఉండాల. బీచి పక్క గెస్ట్‌హౌసాయన ఒకడు చూసేదానికి వస్తాడు. రంగు ఉబ్బినకాడ ఉప్పుకాగితం కొట్టు, రెండు కోటింగులు నల్లరంగు వెయ్యి, మీటలు మార్చు. అంతే. లోపల కెలకబాక."

"లోపల చూడకుండా ఎట్ల అన్నా?"

"పోయినసారి నువ్వు చూసినావు గదా?"

గిరిజ ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుంది. ఆదికేశవులు దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని స్కూటరు తిప్పాడు.

ఆయన పోయాక ఆమె చాలాసేపు ఆ పెట్టె చుట్టూ తిరిగింది. తరవాత కొంగు నడుముకు బిగించి కూర్చుంది. ఈ పనికి ఒక వరుస ఉంది. అది వాళ్ల నాన్న నేర్పింది. నాన్న కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసేవాడు. విప్పనిదాన్ని తోమకూడదు, తోమనిదానికి రంగు వెయ్యకూడదు అనేవాడు. బర్నరు చేతికి రాగానే ఆకాశానికి ఎత్తి, మూతికి కన్ను ఆనించి చూసేవాడు. అన్ని రంధ్రాల్లోంచీ వెలుగు చుక్కలు కనపడితేనే కింద పెట్టేవాడు. ఒక్క చుక్క తగ్గినా పిన్ను పట్టుకునేవాడు. ఎవరు తొందరపెట్టినా అంతే. "నీ ఇంట్లో మంట నా చేతిలో ఉంది, కాసేపు కూర్చో" అని బల్ల చూపించేవాడు. గిరిజ కూడా చాన్నాళ్లు అలాగే చేసింది. ఆదికేశవులు పని చేతికి వచ్చాక, రోజుకొకటి తేల్చమంటే, ఆకాశం చూడటం మానేసింది.

జాలీ ఎత్తి చూసింది. కడ్డీల మీద ఆరిన నూనె పూత ఒకటి మెరుస్తోంది. మొదటిసారి వెలిగించే ముందు వరలక్ష్మి పూసుకున్న నూనె. ఒక్క చేపముక్క కూడా దాని మీద పడలేదు. గిరిజ ఆ జాలీని వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపిన తొట్టిలో ముంచింది. ముంచేటప్పుడు ఎందుకో చెయ్యి ఆగింది. తోమాల్సిన మురికి కాదది. ఒక మనిషి ఆశపడిన గుర్తు.

మూత లోపల చూసింది. పొగమరక లేదు. పోయినసారి తను తుడిచి పెట్టిన రేకు తుడిచినట్టే ఉంది. మూత మూసి ఉండగా మంట లేచి ఉంటే ఇక్కడ మసి పట్టి ఉండేది. ముందు పలక చూసింది. అక్కడ నల్లరంగు అప్పడంలా ఉబ్బి పొరలుగా లేచింది. నడిమి మీట కరిగి మైనంలా కిందికి జారింది. పెట్టె తనే చెబుతోంది. మంట పైన పుట్టలేదు. పలక వెనక పుట్టింది.

నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి. నాలుగోది మొరాయిస్తే కిరసనాయిలు చుక్కేసి ఆగింది. లోపల ఏముందో ఆమెకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. పలక ఊడివచ్చింది. నడిమి గొట్టం లాగి చేతిలోకి తీసుకుంది.

గొట్టం మూతిలో బొటనవేలంత మట్టి. కుమ్మరి పురుగు కట్టిన గూడు. నెలకింద చూసినప్పుడు పచ్చిగా, తడి బూడిదరంగులో ఉంది. ఇప్పుడు కాలి ఇటుకరంగుకు తిరిగింది. పురుగు తొలుచుకుని బయటికి పోయిన బొక్క ఎక్కడా లేదు.

నెలకింద ఇదే చోట, ఇదే పీట మీద, ఇదే గొట్టం చేతిలో పట్టుకుని కూర్చుంది. అప్పుడు సన్నటి నడుం పురుగు ఒకటి మట్టి ముద్ద నోట కరుచుకుని ఆమె చెవి పక్కనుంచి వచ్చి మూతిలో దూరింది. ఊదితే పోయేది. స్క్రూడ్రైవరు మొన తగిలిస్తే రాలిపోయేది. కానీ ఆ వారమే కూతురు జననికి నెల తప్పి ఎనిమిది రోజులైంది. పెళ్లయి ఐదేళ్లు. ఎన్ని నెలలు ఎనిమిదో రోజుకు, పదో రోజుకు ఆశ తెగిపోయిందో తల్లికి లెక్క తెలుసు. కొళవి, అంటే ఈ కుమ్మరి పురుగు, గూడు కట్టిన ఇంట బిడ్డ పుడతాది, అది తనంతట తాను ఎగిరిపోయేదాకా పగలగొట్టకూడదు. ఆ మాట గిరిజకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు ఎవరో చెప్పారు. ఇక్కడి తెలుగువాళ్లూ అంటారు, తమిళులూ అంటారు. షెడ్డు కూడా ఇల్లే కదా అనుకుంది గిరిజ. ఆదికేశవులుకు ఫోన్ చేసి "రెండు వారాలు ఉంచుకుంటా అన్నా, నడిమి గొట్టం చూడాల" అంది. ఎందుకో చెప్పలేదు. "రేపు బండి వస్తాది, సుమ్మా, ఊరికే పైపైన పూసి పంపించు" అన్నాడాయన. ఆమె గొట్టాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, పలక బిగించి, నల్లరంగు కొట్టింది. మూడు గొట్టాల్లో రెండు వెలుగుతాయిలే అనుకుంది. నేను పగలగొట్టలేదు, అంతవరకు చాలు అనుకుంది. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధానికి రెండు కోటింగులు అక్కర్లేదు, ఒకటి చాలు.

"మ్మా, ఆ కిరసనాయిలు డబ్బాకు మూత పెట్టు. కడుపులో తిప్పతా ఉండాది."

గుమ్మంలో జనని. చేతిలో నిమ్మచెక్క. పక్క వీధిలోనే కాపురం, ఈ నెల వేవిళ్లతో అమ్మ దగ్గరే ఉంటోంది. ఒక క్లినిక్ ల్యాబులో టెక్నీషియన్. గిరిజ గొట్టాన్ని కొంగు కిందికి జరిపింది.

"దాచబాక మా. ఆ కొళవి గూడే గదా?"

"నీకెట్ల తెలుసు?"

"ఆ పొద్దు నువ్వు విప్పి మళ్లా మూసినావే, కిటికీలోంచి చూస్తానే ఉన్నా. యాడ పగలగొడతావో అని గుండెకాయ నోట్లోకి వచ్చినాది. దినమూ మైక్రోస్కోపులో కన్ను పెట్టుకుని కూర్చునే దాన్ని. పురుక్కీ కడుపుకీ ఏం సంబంధమని నాకు తెలవదా? అయినా నోరు తెరవలేదు." జనని నిమ్మచెక్క వాసన చూసింది. "ఇప్పుడు దాన్ని ఎందుకు పట్టుకుని కూర్చున్నావు?"

గిరిజ చెప్పింది. చెయ్యి సంగతి, మూత సంగతి, ఊరు అన్న మాట సంగతి. చెబుతుంటే జనని గడప మీద కూర్చుంది.

"అయితే ఆ అమ్మ చెయ్యి కాలింది నాకోసమా?"

"ఛీ, ఆ మాట అనబాక. నీకోసం కాదు. నా భయం కోసం." గిరిజ గొట్టాన్ని బయటికి తీసింది. "వేరే గొట్టం ఉండాది. అది వేసేస్తా. ఈ గూడును అట్లనే యాడన్నా చెట్టు కింద పెట్టేస్తా. ఇంకెవరి చెయ్యీ కాలదు."

"ఆ అమ్మ మీద పడిన మాట?"

గిరిజ గొట్టాన్ని కొంగుతో తుడిచింది.

"గొట్టం మార్చినావంటే గ్రిల్ బాగవతాది మా. ఆ అమ్మకు ఏం బాగవతాది?"

"పోయి చెబితే, ఇది పగలగొట్టమంటారు గదా కన్నా. నీకు మూడో నెల..."

జనని లేచి లోపలికి పోతూ పోతూ అంది: "భయం నాకూ ఉండాది. ఆ భయాన్ని పక్కింటివాళ్ల పొయ్యిలో పెట్టి పంపించొద్దు. అంతే."

మరునాడు మధ్యాహ్నం ట్రాలీ ఆటోవాడి దగ్గర యానాం వాళ్ల ఇల్లు కనుక్కుని, గిరిజ గుడ్డసంచిలో గొట్టం పెట్టుకుని టౌన్‌బస్సు ఎక్కింది. రెడ్డియార్‌పాళయం పోయేదాకా సంచిని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. గుంటలో బస్సు ఎగిరిపడ్డప్పుడల్లా రెండు చేతులూ మూతి మీదికి పోయేవి. ఇప్పటికీ కాపాడుతున్నాను దీన్ని, అనుకుంది. సిగ్గేసింది. అయినా చేతులు తియ్యలేదు. పక్క సీటులో ఆమె "పిల్లనగ్రోవా అక్కా?" అని తమిళంలో అడిగితే, అవునని తలూపింది.

వీర్రాజు భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. తలుపు ఆయనే తీశాడు. తెలుగు వినగానే మొహం విప్పారింది.

"తెలుగువారా అండీ! రండి, రండి. మీ తెలుగు వింటుంటే సగం అరవం, సగం మనదీ అండి."

"మీది పాట మాదిరి ఉండాది సార్. మాటకొక సాగుడు."

వరలక్ష్మి లోపలినుంచి నవ్వుతూ వచ్చింది. ఎడమ చేత్తో కుర్చీ జరిపింది. కుడిచెయ్యి గుడ్డకట్టుతో రొమ్ముకు ఆనించుకుని ఉంది. దాన్ని చూసిన తరవాత గిరిజ కూర్చోలేదు. నిలబడే, సంచిలోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. తనెవరో చెప్పింది. ఆ పలక వెనక ఉన్నదేమిటో, దాన్ని చూసి కూడా తను ఎలా మూసేసిందో, ఏదీ మిగల్చకుండా చెప్పింది. గొట్టం మూసుకుంటే గ్యాసు ముందుకు పోలేక వెనక్కి తిరిగి మీటల దగ్గర చేరుతుందని, మంట అక్కడే అంటుకుందని చెప్పింది. శుక్రవారం దాన్ని కొనడానికి మనిషి వస్తాడని కూడా చెప్పింది.

వరలక్ష్మి ఆ మట్టిని వేలితో తడిమింది.

"కుమ్మరి పురుగు గూడండి ఇది. మా యానాంలోనూ పగలగొట్టరు. మా అమ్మమ్మ దీపం గూట్లో కడితే, ఆ ఏడాదంతా దీపం కింద పెట్టి ముట్టించింది." గిరిజ మొహంలోకి చూసి అడిగింది. "ఎవరికోసమండీ?"

"నా కూతురి కోసం."

"కడుపు నిలిచిందా ఇప్పుడు?"

"మూడో నెల."

వరలక్ష్మి కిటికీ వైపు చూసింది. కిటికీ బయట ఆమె చేపల కోసం కొనుక్కున్న కొత్త రేకు బల్ల గోడకు ఆనించి ఉంది, విప్పని కాగితంతో.

"మంచిదండి. నిజంగానే మంచిది. బిడ్డ చల్లగా ఉండాలి." అంది. తరవాత గొంతు మారింది. "ఇంతకీ నేను మూత తీశానా, తియ్యలేదా?"

"తీసినావమ్మా. మూత లోపల మసి లేదు. పలక వెనకే ఉండాది."

"నాకు కాదండి. నాకు తెలుసు కదా. ఆయనకి చెప్పండి."

గిరిజ వీర్రాజు వైపు తిరిగి అదే మాట మళ్లీ చెప్పింది. ఆయన గొట్టం ఎత్తి ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చీకటి. దించాడు.

"మరి నాకెలా తెలుస్తుందండీ ఇది? కొట్టాయన అలా అన్నాడు, నేను..."

"నేను చెప్పాను కదండీ," అంది వరలక్ష్మి. గొంతు పెంచలేదు. "ఆటోలో చెప్పాను. ఆస్పత్రిలో సూది వేస్తుంటే చెప్పాను. మందు రాస్తున్నప్పుడల్లా చెప్పాను. అప్పుడు నమ్మలేదు. గొట్టం చెబితే నమ్ముతారా?"

వీర్రాజు ఆ గొట్టాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కంచంలో అన్నం చల్లారిపోయింది. గిరిజకు ఆ గదిలోనుంచి పారిపోవాలనిపించింది. క్షమించమని అడగడానికి వచ్చింది, అడగలేదు. అడిగితే, ఆమె ఇవ్వాల్సి వస్తుంది. కాల్చినవాళ్లు అడగడం, కాలినవాళ్లు ఇవ్వడం, ఇదెక్కడి న్యాయం?

"శుక్రవారం ఎవరో వస్తారన్నారు కదండీ, అది కొనడానికి," అంది వరలక్ష్మి. "నేనూ వస్తాను. ఇది ఇక్కడ వద్దు. అక్కడ పగలగొట్టండి, నన్ను అన్నవాళ్ల ముందు. మీ చేత్తోనే."

బుధవారం, గురువారం గిరిజ వేరే పని ముట్టలేదు. మిగిలిన రెండు గొట్టాలూ విప్పింది. పాత నడిమి గొట్టం సంచిలోనే ఉంచి, దాని జాగాకు వేరేది తీసింది. ఒక్కోదాన్నీ నాన్నలా ఆకాశానికి ఎత్తి మూతికి కన్ను ఆనించింది. మొదటిదాంట్లో రెండు చుక్కలు తక్కువ. పిన్నుతో పొడిచింది, మళ్లీ ఎత్తింది. గొట్టం లోపల వరుసగా వెలుగు చుక్కలు. ఎన్నేళ్లయిందో ఇది చూసి! పెట్టె లోపలి జిడ్డు పుట్టీ బద్దతో గీకింది, వైరు బ్రష్షు కొట్టింది, రేకు కడుపు కనపడేదాకా ఉప్పుకాగితం రుద్దింది. తుప్పు తిన్న ఒకచోట వేలు దూరేంత బొక్క బయటపడింది. దాన్ని పాత రంగు ఇన్నాళ్లూ మూసి పెట్టింది. అక్కడ రేకుముక్క వేయించింది. తిండి తగిలే చోట రంగు పుయ్యలేదు, నూనె రాసి వేడిచేసింది. బయట మాత్రం మోటారుసైకిలు సైలెన్సర్లకు వేసే, వేడికి ఓర్చే రంగు. పలచగా ఒక పూత, ఎండ, ఇంకో పూత, మళ్లీ ఎండ. రంగు మీద ఆమెకు కోపం లేదు. రంగు మంచిదే. ఉప్పుగాలికి రేకును కాపాడేది అదే. చివర రావాల్సింది మొదట వస్తేనే అది దొంగ అవుతుంది.

ముందు పలకను మాత్రం ముట్టుకోలేదు. అప్పడంలా ఉబ్బిన రంగు, కరిగి జారిన మీట, అలాగే బిగించింది.

శుక్రవారం పొద్దున సారం కొట్టులో ఆదికేశవులు దాన్ని చూసి నుదురు కొట్టుకున్నాడు.

"ఏంది గిరిజా ఇది! ఒళ్లంతా పెళ్లికొడుకు మాదిరి చేసి, మొహాన్ని చితిలోంచి లాక్కొచ్చినట్టు వదిలేసినావే! పార్టీ వచ్చేసినాడు!"

గెస్ట్‌హౌసాయన అప్పటికే అక్కడ ఉన్నాడు, చేతులు వెనక కట్టుకుని వరుసగా పెట్టిన గ్రిల్‌లు చూస్తున్నాడు. ఇంకో ఐదున్నాయి కొట్టులో, అన్నీ నల్లగా నిగనిగలాడుతూ. గుమ్మంలో వరలక్ష్మి, ఆమె వెనక వీర్రాజు. ఆదికేశవులు వాళ్లను చూసి గొంతు తగ్గించాడు.

"వీళ్లు యాడినుంచి ఊడిపడినారు?"

"నేనే రమ్మన్నా." గిరిజ సంచిలోంచి గొట్టం తీసింది. "చూడన్నా. పోయినసారి నడిమి గొట్టంలో ఇది ఉన్నాది. నేను చూసినా. చూసి మూసినా. ఆ అమ్మ మూత తీసే వెలిగించినాది. కాలింది దీనివల్ల."

ఆయన గొట్టంలోకి తొంగిచూసి నవ్వేశాడు. "కొళవి గూడా? సరిపోయినాది! పురుగు వచ్చి ఇల్లు కట్టుకుంటే దానికి నేను జవాబు చెప్పాల్నా? కొళవిని కోర్టుకు పిలవండి!"

ఎవరూ నవ్వలేదు. గెస్ట్‌హౌసాయనకు తెలుగు పూర్తిగా రాకపోయినా సంగతి అర్థమైంది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

గిరిజ నేల మీద పాత పేపరు పరిచి కూర్చుంది. స్క్రూడ్రైవరు మొన మట్టికి ఆనించింది. కళ్ల ముందు జనని మొహం, నిమ్మచెక్క, ఎనిమిది రోజులు, ఐదేళ్లు. వరలక్ష్మి వచ్చి ఎదురుగా కూర్చుంది. తొందరపెట్టలేదు, వద్దనలేదు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది.

గిరిజ పొడిచింది.

మట్టి రెండు పెళ్లలుగా ఊడింది. పేపరు మీద ఎండిన సాలీళ్లు నాలుగు రాలాయి, పిల్ల కోసం తల్లి పురుగు దాచిపెట్టిన తిండి. వాటి మధ్య బియ్యపుగింజంత నల్లటిది ఒకటి. మాడిపోయిన పిల్ల. రెక్కలు రాలేదు. బయటికి రాలేదు.

గిరిజ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఒక బిడ్డ కోసం కాపాడానని అనుకుంది. ఆమె కాపాడిందేమీ లేదు. మూసిన పలక వెనక ఇది మాడిపోయింది, ముందున్న చెయ్యి కాలిపోయింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వీధిలో టౌన్‌బస్సు హారను కొట్టింది. మరే ఉపద్రవమూ ముంచుకు రాలేదు. ఒక తల్లి తన భయాన్ని తన ఒళ్లోకి తీసుకుంది, అంతే.

ఆమె లేచింది.

"అన్నా, పురుగును ఎవరూ ఏమీ అడగలేదు. లోపల కెలకబాక అన్నది నువ్వు. సరేనని మూసినది నేను. మూత మూసినాదని ఆ అమ్మ నెత్తిన పెట్టినది నువ్వు, నోరు మూసుకున్నది నేను. నా వంతు ఈడ అందరి ముందర చెప్పినా. ఇప్పుడు నీ వంతు. స్కూటరు తియ్యి. వాళ్ల వీధికి పోదాం. మూత తీసే వెలిగించినాది, తప్పు మాది అని ఆ వీధిలో నిలబడి నీ నోటితో చెప్పు. ఈ పొద్దే. ఈ గ్రిల్ ఇంకెవరికీ పోదు. దీనికి కొత్త పలక వేసి, మొదటి మంట నేనే వెలిగించి చూపించి, ఆ అమ్మ గుమ్మంలో పెడతా. ఆ అమ్మ కావాలంటే ఉంచుకుంటాది, వద్దంటే తన్ని పంపిస్తాది. అది ఆ అమ్మ ఇష్టం."

"కొట్టు వదిలేసి ఇప్పుడు యాడికి పోయేది గిరిజా! పార్టీ నిలబడి ఉండాడు."

"నిలబడనీ. చూసే పోనీ." ఆమె వరుసగా నిగనిగలాడుతున్న ఐదు గ్రిల్‌ల వైపు చూపించింది. అన్నీ తన చేతి రంగే. "వీటి లోపల ఏముందో నాకు తెలవదు. నీకూ తెలవదు. ఒక్కోటి విప్పి, గొట్టం వెలుతురుకు ఎత్తి, కొనేవాళ్ల కంటికి ఆనించి చూపించాల. చుక్కలన్నీ కనపడితేనే కొట్టు దాటాల." స్క్రూడ్రైవరు ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు ముయ్యించింది. దానికి ఇంకా ఆ ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"వీధికి పోయే ముందు ఈ వరసలో మొదటిది విప్పన్నా. వీళ్లందరి ముందర. ఇప్పుడే."